నొప్పి తగ్గకపోతే విశ్వాసం తగ్గినట్టా?

మా సంఘంలో ఒక సహోదరి ఉంది. వయసు యాభైకి దగ్గర. పెళ్లయిన దగ్గర్నుంచి మిరప కోతలకు, పత్తి తీతలకు వెళ్లి ముగ్గురు పిల్లల్ని చదివించింది. ఆరేళ్ల క్రితం కోతల కాలంలో ఆమెకు నడుము పట్టేసింది. ఆ ఏడు కోతలు అయిపోయాయి గాని నొప్పి పోలేదు. నడుము నుంచి తుంటికి, తుంటి నుంచి కాలికి దిగింది. స్కానింగ్ తీయించారు. వయసుకు తగ్గ అరుగుదల తప్ప పెద్దగా ఏమీ లేదన్నారు.

మేము ఆమె కోసం ప్రార్థించాం. ఉపవాసముండి ప్రార్థించాం, నూనె రాసి ప్రార్థించాం. రెండుసార్లు ఆమె లేచి నిలబడి తగ్గిందని సాక్ష్యం చెప్పింది. రెండుసార్లూ వారం తిరక్కుండానే నొప్పి మళ్లీ వచ్చింది. మూడోసారి ఎవరో ఆమెతో, “నీలో ఏదో అడ్డు ఉందమ్మా, ఒప్పుకో” అన్నారు. నేను మాత్రం ఏం తక్కువ చేశాను? ఒక ఆదివారం విశ్వాసం గురించి ప్రసంగిస్తూ, సందేహించేవాడు ఏమీ పొందడని గట్టిగా చెబుతూ, తెలిసో తెలియకో ఆమె కూర్చున్న వైపే చూశాను. ఆ తర్వాత ఆమె మందిరానికి రావడం తగ్గించింది. కొన్నాళ్లకు పూర్తిగా మానేసింది.

ఇంటికి వెళ్లి అడిగితే ఆమె చెప్పిన మాట ఇది. “నొప్పి ఓర్చుకోవడం అలవాటైపోయింది అయ్యగారూ. ‘ఇంకా తగ్గలేదా’ అని అడుగుతుంటే మాత్రం ఓర్చుకోలేకపోతున్నాను. తగ్గలేదంటే దేవుణ్ణి తక్కువ చేసినట్టుంటుంది. తగ్గిందంటే అబద్ధమవుతుంది.”

ఈ వారం ఈ పేజీలో రాస్తున్నది ఆమె కోసం, ఆమెలాంటి వారి కోసం, వారిని అలా అడిగే మన కోసం. తగ్గని నొప్పి అంటే ఏమిటి? దానికి ప్రత్యేకంగా వైద్యం చేసే పెయిన్ క్లినిక్‌లలో ఏం చేస్తారు? సంఘంగా మనం చేయాల్సిందేమిటి? ఈ మూడు సంగతులూ తెలుసుకుందాం.

మిరపకాయ చెప్పే పాఠం

గుంటూరు, ప్రకాశం వాళ్లకు నొప్పి గురించి చెప్పాలంటే మిరపకాయతో మొదలుపెట్టడమే మేలు. రోజంతా కాయ కోసి ఇంటికొచ్చాక చేతులు భగభగ మండుతాయి. పొరపాటున ఆ చేత్తో కన్ను తుడుచుకుంటే ఇక చెప్పనక్కర్లేదు. చేతిని చూస్తే బొబ్బ ఉండదు, కాలిన గుర్తు ఉండదు. మరి ఆ మంట నిజమా, అబద్ధమా?

మంట నిజమే. నిప్పు మాత్రం లేదు. మన చర్మంలోని నరాల చివర్లలో వేడిని కనిపెట్టే చిన్న ద్వారాలున్నాయి. సుమారు 43 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన వేడి తగిలితే అవి తెరుచుకుని, కాలుతోందని మెదడుకు కబురు పంపుతాయి. మిరపకాయలోని క్యాప్సైసిన్ అనే పదార్థం ఆ ద్వారాలనే తెరుస్తుంది. వేడి లేకపోయినా అదే కబురు వెళుతుంది. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో ఈ ద్వారాన్ని గుర్తించింది. 2021లో ఆయనకూ, స్పర్శను కనిపెట్టే ద్వారాలను గుర్తించిన ఆర్డెమ్ పటపూటియన్‌కూ కలిపి వైద్యంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. మన కల్లాల్లో ఆరబోసే కాయలోని కారమే నొప్పి రహస్యాల్లో ఒకదానికి తాళం తీసింది.

దీంట్లో మనం నేర్చుకోవలసింది ఒకటుంది. నొప్పి ఎంత ఉందన్నదీ, శరీరానికి దెబ్బ ఎంత తగిలిందన్నదీ ఎప్పుడూ ఒకే కొలతలో ఉండవు. స్కానింగ్‌లో ఏమీ కనబడలేదంటే నొప్పి లేదని అర్థం కాదు. నొప్పి మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంఘం 2020లో నొప్పికి నిర్వచనాన్ని సవరించి ఇదే సంగతి చెప్పింది. నొప్పి శరీరానికీ మనసుకూ కలిగే అనుభవమనీ, ఒక మనిషి నాకు నొప్పిగా ఉందని చెబితే ఆ మాటను గౌరవించాలనీ అందులో ఉంది. కాబట్టి “అంతా బాగానే ఉంది, ఆమెకు మనసులోనే నొప్పి” అనే మాట వైద్యం ప్రకారం కూడా తప్పే.

కాపలా కుక్క నిద్రపోకపోతే

నొప్పి మొదట మనకు మేలే చేస్తుంది. ఈ సంగతి లోకానికి బాగా చెప్పినవాడు డాక్టర్ పాల్ బ్రాండ్. మిషనరీ దంపతులకు 1914లో తమిళనాడులోని కొల్లిమలలో పుట్టి, 1946 నుంచి వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో కుష్ఠు రోగుల చేతులకు, కాళ్లకు శస్త్రచికిత్సలు చేశాడు. కుష్ఠు రోగుల వేళ్లు రోగం తినేయడం వల్ల ఊడిపోవనీ, నొప్పి తెలియక కాలడం, కోసుకోవడం, పుళ్లు పడడం వల్ల పాడవుతాయనీ ఆయన చూపించాడు. బాపట్లలో సాల్వేషన్ ఆర్మీ కుష్ఠు ఆసుపత్రిని చూసిన మన పెద్దవాళ్లకు ఇది కొత్త మాట కాదు. నొప్పి ఇంటి కాపలా కుక్క లాంటిది. దొంగ వస్తే మొరుగుతుంది, మనం లేచి చూసుకుంటాం. అది లేని ఇల్లు గుల్లవుతుంది.

ఒక్కోసారి దొంగ వెళ్లిపోయినా కుక్క మొరగడం మానదు. ఆకు కదిలినా, ఇంటివాళ్లే నడిచినా మొరుగుతుంది. దెబ్బ మానడానికి మామూలుగా పట్టే కాలం దాటి, మూడు నెలలకు మించి ఉండే నొప్పిని, లేక పోతూ వస్తూ ఉండే నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. ఇలాంటి చాలామందిలో నరాలు, వెన్నుపాము, మెదడు నొప్పి కబుర్లకు బాగా అలవాటుపడి, చిన్న కదలికను కూడా పెద్ద ప్రమాదంగా చూపుతుంటాయి. నిద్ర లేకపోవడం, దిగులు, భయం, అప్పుల ఆలోచన ఈ మోతను ఇంకా పెంచుతాయి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమలుచేస్తున్న వ్యాధుల జాబితాలో దీర్ఘకాలిక నొప్పికి ప్రత్యేక స్థానం ఇచ్చింది. కొందరిలో అది వేరే జబ్బుకు లక్షణమే కాదు, తనే ఒక జబ్బు.

కొన్ని నొప్పులకు కారణం స్పష్టంగానే ఉంటుంది, కాని దాన్ని వెనక్కి తిప్పలేం. మన మెట్ట ప్రాంతంలో ఫ్లోరోసిస్ అలాంటిదే. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు తొలిసారి గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు అప్పట్లో ఆ జిల్లాలోనే ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగినవారికి మెడ, వెన్ను, కీళ్లు బిగుసుకుపోతాయి. మంచినీళ్లు ఇస్తే కొత్తవారికి రాకుండా ఆపవచ్చు. ఇప్పటికే బిగిసిన వెన్ను మాత్రం మళ్లీ మెత్తబడదు. సుగరు వల్ల అరికాళ్లలో వచ్చే మంటలు, అరిగిన మోకీళ్ల నొప్పి, అక్కి వచ్చి తగ్గాక మిగిలిపోయే సలుపు కూడా చాలావరకు ఇలాంటివే. వీటిని పూర్తిగా తీసేస్తామని ఎవరైనా మాట ఇస్తే జాగ్రత్తగా ఉండాలి. తట్టుకునేలా తగ్గించి, మనిషిని మళ్లీ నిలబెట్టగలమని చెబితే ఆ మాట నమ్మవచ్చు.

సూది మందు ఇచ్చే రెండు రోజుల సుఖం

కోతల కాలంలో మన ఊళ్లలో జరిగేది అందరికీ తెలుసు. సాయంత్రం పొలం నుంచి రాగానే ఒక ఇంజెక్షన్ వేయించుకుంటారు. పొద్దున్నే మళ్లీ పనికి వెళతారు. ఊళ్లో దొరికే వైద్యం అదే కాబట్టి కూలి పోగొట్టుకోలేని మనిషిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కాని ఆ సూదిలో ఏముందో తెలియాలి.

సాధారణంగా వేసేది డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందు. మన చిన్నప్పుడు ఆకాశంలో తిరిగే రాబందులు ఇప్పుడు ఎందుకు కనబడవో ఎప్పుడైనా ఆలోచించారా? పశువులకు వేసిన డైక్లోఫెనాక్ వాటి కళేబరాల్లో మిగిలి, తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసింది. అందుకే మన ప్రభుత్వం 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించింది. రాబందుకు ఉన్నంత ప్రమాదం మనిషికి లేదు. డాక్టర్ చెప్పిన మోతాదులో కొద్ది రోజులు వాడితే అది ఉపయోగపడే మందే. కాని ఎండలో చెమటోడ్చి, నీళ్లు సరిగ్గా తాగక, బీపీ, సుగరు ఉన్న మనిషి నెలల తరబడి వాడితే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు, కడుపులో పుండ్లు పడి రక్తం పోవచ్చు. కొన్నిచోట్ల దానితో స్టెరాయిడ్ కలిపి ఇస్తారు. రెండు రోజులు ఒళ్లు తేలికపడుతుంది. అదే పనిగా వాడితే ముఖం ఉబ్బుతుంది, సుగరు పెరుగుతుంది, ఎముకలు బలహీనపడతాయి. చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే. ఇప్పటికే వాడుతున్నవారు డాక్టర్‌తో చెప్పి, ఆయన చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

పెయిన్ క్లినిక్ ఎలా పుట్టింది, అక్కడ ఏం చేస్తారు

నొప్పికి ప్రత్యేకంగా ఒక క్లినిక్ ఉండాలన్న ఆలోచన నొప్పి ఎరిగిన మనిషి నుంచే వచ్చింది. జాన్ బోనికా అనే అమెరికా డాక్టర్ ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబంవాడు. చదువు ఖర్చుల కోసం కుస్తీలు పట్టాడు. ఆ దెబ్బల వల్ల జీవితాంతం ఒళ్లు నొప్పులతోనే బతికాడు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులకు మత్తు వైద్యుడిగా పనిచేస్తున్నప్పుడు ఆయనకు ఒక సంగతి అర్థమైంది. తగ్గని నొప్పిని ఒక్క డాక్టర్ ఒంటరిగా పట్టుకోలేడు. మత్తు వైద్యుడు, నరాల వైద్యుడు, ఎముకల వైద్యుడు, మనస్తత్వ నిపుణుడు ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒకే రోగి గురించి మాట్లాడుకోవాలి. 1953లో ఆయన నొప్పి వైద్యం మీద పెద్ద గ్రంథం రాశాడు. 1960ల తొలినాళ్లలో సియాటిల్‌లో అలాంటి క్లినిక్ నడిపించాడు. 1973లో అంతర్జాతీయ సంఘానికి పునాది వేశాడు. ఈనాటి పెయిన్ క్లినిక్‌లకు అదే మాదిరి.

మన దగ్గర పెయిన్ క్లినిక్‌ను ఎక్కువగా మత్తు వైద్య విభాగంలోని డాక్టర్లు నడుపుతారు. ఆపరేషన్ ముందు మత్తు ఇచ్చే డాక్టరే నొప్పి వైద్యంలో మరింత శిక్షణ పొంది ఉంటారు. మా సహోదరి పట్నంలో అలాంటి ఒక క్లినిక్‌కు వెళ్లింది. తోడుగా నేనూ, మా ఇంట్లోవారూ వెళ్లాం. అక్కడ చూసింది చెబుతాను.

మొదట ఆమెతో చాలాసేపు మాట్లాడారు. ఎక్కడ నొప్పి, ఎప్పుడు ఎక్కువ, ఎప్పుడు తక్కువ, మంటలా ఉంటుందా, సలుపులా ఉంటుందా, కరెంటు కొట్టినట్టు ఉంటుందా అని అడిగారు. మనిషి బొమ్మ ఇచ్చి నొప్పి ఉన్నచోట రంగు వేయమన్నారు. సున్నా నుంచి పది వరకు ఎంత అని అడిగితే ఆమె ఎనిమిది అంది. తర్వాత అడిగిన ప్రశ్నకు ఆమె ఏడ్చింది. “ఈ నొప్పి వల్ల నువ్వు చేయలేకపోతున్న పనుల్లో ఏది ముందు మళ్లీ చేయాలని ఉందమ్మా?” ఆరేళ్లలో ఆమెను ఎవరూ అలా అడగలేదు. ఆమె కొంచెం ఆలోచించి, “మనవడిని ఎత్తుకోవాలి, మందిరంలో ఆరాధన అయ్యేదాకా కూర్చోవాలి” అంది. డాక్టరమ్మ ఆ రెండూ కాగితం మీద రాసుకుంది. అవే వైద్యానికి గురి అయ్యాయి.

వైద్యంలో నాలుగు భాగాలున్నాయి.

మొదటిది మందులు. నరాల నుంచి వచ్చే నొప్పికి మామూలు నొప్పి బిళ్లలు అంతగా పనిచేయవు. అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్, ప్రీగాబలిన్, గాబాపెంటిన్ లాంటి మందులను తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. వీటిలో కొన్ని దిగులు జబ్బుకు, కొన్ని మూర్ఛకు కూడా వాడతారు. అందుకే మందుల షాపులో ఎవరైనా “ఇది పిచ్చికి ఇచ్చే మందు” అంటే రోగి భయపడి మానేస్తాడు. వెన్నుపాములో నొప్పి కబుర్లను అణచే దారులను కొన్ని బలపరుస్తాయి, అతిగా స్పందించే నరాలను కొన్ని శాంతపరుస్తాయి. మొదట్లో మగత, నోరు ఎండడం, కళ్లు తిరగడం లాంటివి రావచ్చు. ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. సొంతంగా మొదలుపెట్టకూడదు, సొంతంగా ఆపకూడదు. మిరపకాయలోని క్యాప్సైసిన్‌తో చేసిన పూత మందు కూడా కొన్ని మోకాలి నొప్పులకు, నరాల నొప్పులకు వాడతారు. పదే పదే రాస్తే నొప్పి చెప్పే ఆ నరాలు మొద్దుబారతాయి. అలాగని ఇంట్లో కారం నూరి రాసుకోవద్దు. ఒళ్లు పుండవుతుంది.

రెండోది అవసరమైనవారికి ఇంజెక్షన్. ఇది ఊళ్లో వేసే సూది లాంటిది కాదు. ఎక్స్‌రే లేక స్కానింగ్ తెర మీద చూస్తూ, ఒత్తిడికి గురైన నరం దగ్గరే మందు వేస్తారు. కొన్ని కీళ్ల నొప్పులకు రేడియో తరంగాల వేడితో నొప్పి కబురు తెచ్చే సన్నని నరాన్ని నిద్రపుచ్చుతారు. అందరికీ ఇవి అవసరం ఉండవు. పనిచేసినా ఫలితం కొన్ని నెలలే ఉండవచ్చు. ఆ నెలల్లో మూడో పని చేయించడానికే వీటిని వాడాలి.

ఆ మూడోది కదలిక. ఇదే అన్నిటికంటే కష్టం, అన్నిటికంటే ముఖ్యం. నొప్పి ఉంటే పడుకోవాలని మనం అనుకుంటాం. నెలల తరబడి పడుకుంటే కండరాలు కరిగి నొప్పి ఇంకా పెరుగుతుంది. ఇంకొందరు నొప్పి తక్కువున్న రోజు రెండు రోజుల పని ఒక్కసారే చేసి, తర్వాత మూడు రోజులు మంచం పడతారు. ఫిజియోథెరపిస్టు మా సహోదరికి ఒక లెక్క నేర్పాడు. వంగి పనిచేస్తే నలభై నిమిషాలకు నొప్పి పెరుగుతుందనుకుంటే, పాతిక నిమిషాలకే ఆగాలి. నొప్పి వచ్చాక ఆగడం కాదు, గడియారం చూసి ఆగాలి. రెండు నిమిషాలు నిటారుగా నిలబడి, నడుము వెనక్కి వంచి, నాలుగు అడుగులు నడిచి మళ్లీ పనిలో దిగాలి. వారం వారం కొద్దిగా పెంచుకోవాలి. మొదటి రెండు మూడు వారాలు ఒళ్లు నొస్తుంది. ఆ నొప్పి అపాయం కాదని ముందే చెప్పారు కాబట్టి ఆమె మానలేదు.

నాలుగోది మనసు, నిద్ర. నొప్పిని చూసి భయపడే కొద్దీ కాపలా కుక్క ఇంకా మొరుగుతుంది. నిద్రవేళ క్రమం, నెమ్మదిగా ఊపిరి తీయడం, “ఇక నా పని అయిపోయింది” అన్న ఆలోచనను గుర్తుపట్టి దానికి జవాబు చెప్పుకోవడం అక్కడ నేర్పుతారు. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వెన్నుపాములో నొప్పి కబుర్లకు ఒక గేటు లాంటిది ఉందని చెప్పారు. మోకాలికి దెబ్బ తగిలితే చేత్తో రుద్దుకుంటాం కదా, ఆ స్పర్శ గేటును కొంత మూస్తుంది. మెదడు నుంచి వచ్చే భయం గేటును తెరుస్తుంది, నెమ్మది మూస్తుంది. తోటి మనిషి చెయ్యి పట్టుకుని ప్రార్థిస్తే కలిగే నెమ్మది కూడా శరీరానికి మేలు చేస్తుందంటే నాకు ఆశ్చర్యం లేదు.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు

నొప్పి అలవాటైంది కదా అని కొన్ని గుర్తులను వదిలేయకూడదు. నడుము నొప్పితోపాటు మలమూత్రాల మీద అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరి పట్టినా, కాళ్లు బలహీనపడినా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి, పడిపోయిన తర్వాత మొదలైన నొప్పి, గతంలో క్యాన్సర్ వచ్చినవారికి కొత్తగా వచ్చే నొప్పి ఉంటే వెంటనే డాక్టర్‌కు చూపించాలి.

క్యాన్సర్ నొప్పి సంగతి వేరు. దానికి మార్ఫిన్ మందు అవసరమైనప్పుడు అలవాటైపోతుందన్న భయంతో రోగిని బాధపడనివ్వకూడదు. 1985 నాటి మత్తుపదార్థాల చట్టం వల్ల అది దొరకడం కష్టమై ఎందరో నొప్పితోనే చనిపోయారు. 2014లో ఆ చట్టాన్ని సవరించి నిబంధనలు సులువు చేశారు. దీర్ఘకాలిక నడుము నొప్పికి మాత్రం అలాంటి మందులు సాధారణంగా మేలు కంటే కీడే చేస్తాయి.

ఎక్కడికి వెళ్లాలంటారా? గుంటూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో గాని, మంగళగిరి ఎయిమ్స్‌లో గాని ఓపీ చీటీ రాయించుకునేటప్పుడు, నొప్పి వైద్యానికి ఏ విభాగంలో, ఏ రోజు చూస్తారని అడగండి. పాత చీటీలు, స్కానింగులు, ఇప్పుడు వాడుతున్న మందులన్నీ, ఊళ్లో వేసిన సూదుల వివరాలతో సహా పట్టుకెళ్లండి. పథకాల సంగతి అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి. రెండు వారాలపాటు రోజూ నొప్పి ఎంత, నిద్ర ఎంత, ఏం పని చేశారో ఒక నోటుపుస్తకంలో రాయించుకుని వెళితే డాక్టర్‌కు సగం పని తగ్గుతుంది.

వాక్యం ఏం చెబుతుంది

ప్రభువు స్వస్థపరచేవాడు. ఆ విశ్వాసాన్ని నేను ఒక్క అంగుళం కూడా వదులుకోను. కాని స్వస్థత రాని భక్తుల గురించి కూడా వాక్యం దాచలేదు. పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, దానితో నడిచే కృప దొరికింది (2 కొరింథీ 12:7-9). ఎందరినో స్వస్థపరచిన అదే పౌలు త్రోఫిమును మిలేతులో రోగిగానే విడిచి వచ్చాడు (2 తిమోతి 4:20). తిమోతి కడుపు జబ్బుకు మందులాంటి సలహా రాశాడు (1 తిమోతి 5:23). అతని ప్రియ సహచరుడు లూకా వైద్యుడు (కొలొస్సయి 4:14). హిజ్కియాకు ఆయుష్షు పొడిగించిన దేవుని మాట తెచ్చిన యెషయాయే పుండు మీద అంజూరపు ముద్ద వేయమన్నాడు (యెషయా 38:21). తిమోతికి విశ్వాసం తక్కువని, త్రోఫిములో అడ్డు ఉందని పౌలు ఎక్కడైనా రాశాడా?

గుడ్డివాడిని చూసి ఎవరి పాపమని శిష్యులు అడిగితే ప్రభువు ఆ లెక్కనే కొట్టేశాడు (యోహాను 9:1-3). యోబు స్నేహితులు ఏడు రోజులు నేల మీద కూర్చుని నోరు విప్పకుండా ఉన్నంతకాలం మంచి స్నేహితులే (యోబు 2:13). వాళ్లు నోరు తెరిచి కారణాలు వెదకడం మొదలుపెట్టాకే యోబుకు రెండో బాధ మొదలైంది. మన సంఘాలు చాలాసార్లు ఎనిమిదో రోజు నుంచే పని మొదలుపెడుతున్నాయి.

మన సంఘాలు వైద్యాన్ని అనుమానించి పుట్టినవి కావు. 1883లో గుంటూరుకు వచ్చిన డాక్టర్ అన్నా సారా కూగ్లర్, ఆడవాళ్లకు వైద్యం దొరకని కాలంలో ఇక్కడ ఆసుపత్రి కట్టింది. సువార్తా, ఔషధమూ ఒకే చేతిలో మన ఊళ్లకు వచ్చాయి. వాటిని విడదీసింది మనమే.

సంఘం చేయగలిగినవి

ప్రార్థన మానవద్దు. ప్రార్థించాక తగ్గిందా అని పరీక్ష పెట్టవద్దు. తగ్గిందని చెప్పమని ఎవరినీ వేదిక మీదికి తోయవద్దు. సుగరు, బీపీ, నరాల మందులు ఆపమని ఏ దైవజనుడూ చెప్పకూడదు. అలా చెబితే అది విశ్వాసం కాదు, ఇంకొకరి ప్రాణంతో చేసే సాహసం.

మందిరంలో నేల మీద కూర్చోలేనివారి కోసం గోడ వారగా కుర్చీలు వేయండి. అవి పెద్దమనుషులకే కాకుండా కూలికి వెళ్లే అక్కలకు కూడా అని నోటితో చెప్పండి. మధ్యలో లేచి నడిచినా ఎవరూ తిరిగి చూడకూడదు. పట్నం ఆసుపత్రికి తోడు వెళ్లడానికి ఇద్దరిని పెట్టండి.

పొలం ఉన్న సంఘ పెద్దలకు ఒక మాట. ప్రతి పాతిక నిమిషాలకు రెండు నిమిషాలు నిలబడే కూలీకి మేస్త్రి కేకలు వేయకుండా చూడగలిగింది మీరే. ఆ రెండు నిమిషాలకు కూలి కోయకండి. బస్తాలను సాధ్యమైనంత చిన్నవిగా కట్టించండి. ఇది కూడా స్వస్థత పరిచర్యే.

ఇంకొకటి. ఏళ్ల తరబడి నొప్పి పడేవారు “ఎందుకీ బతుకు” అంటే విసుగులో అన్నారని వదిలేయకండి. మన పత్తి, మిరప ఊళ్లలో పురుగుమందు డబ్బా ఇంట్లోనే ఉంటుంది. దాన్ని వారి చేతికి అందకుండా దూరంగా పెట్టి తాళం వేయండి, వారిని ఒంటరిగా వదలకండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మానసిక ఆరోగ్య సహాయానికి టెలి మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఖర్చు లేదు.

ఇక మా సహోదరి సంగతి. క్లినిక్‌కు వెళ్లడం మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది. నొప్పి పోలేదు. ఎనిమిది నుంచి నాలుగైదుకు దిగింది, కొన్ని రోజుల్లో మళ్లీ ఏడుకు వెళుతుంది. సూదులు మానేసింది. రాత్రి ఐదారు గంటలు నిద్రపోతోంది. మనవడిని కూర్చుని ఒళ్లో పెట్టుకుంటుంది, నిలబడి ఎత్తుకోవడం ఇంకా కావడం లేదు. నేను ఆమె ఇంటికి వెళ్లి, ఆ ఆదివారం ప్రసంగానికి క్షమించమని అడిగాను. ఆమె నవ్వి, “ఆ సంగతి నేను మర్చిపోయాను అయ్యగారూ” అంది. మర్చిపోలేదని నాకు తెలుసు.

పద్దెనిమిదేళ్లు నడుము వంగిపోయిన ఒక స్త్రీ కథ లూకా సువార్త పదమూడో అధ్యాయంలో ఉంది. ప్రభువు ఆమెను చూసింది సమాజమందిరంలో. అంటే వంగిన నడుముతోనే ఆమె ఆ రోజు అక్కడికి రాగలిగింది. మన మందిరాలకు అలా రాగలిగేవారు ఎందరున్నారో, రాలేక ఇంట్లో ఉండిపోయినవారు ఎందరో ఈ ఆదివారం ఒకసారి లెక్కపెట్టుకుందాం.

మా మందిరంలో గోడ వారగా ఇప్పుడు ఆరు కుర్చీలున్నాయి. మూడోది ఆమెది. మొన్న ఆరాధన మధ్యలో ఆమె లేచి, తలుపు దాకా నాలుగు అడుగులు నడిచి, తిరిగి వచ్చి కూర్చుంది. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు.